ముందు చక్రాలకు దండం

కంఠేశ్వర్, నిజామాబాద్
12 జులై 1992

గౌరవనీయులైన అనసూయమ్మ గారికి,

నమస్కారాలు.

ఈ ఉదయం జీపు కడుగుతుంటే ఒక సంగతి కనిపించింది. బండి అంతా మట్టి రంగుకు తిరిగిపోయింది. ముందు చక్రాల నడుమ ఉన్న గుండ్రటి బిళ్లలు రెండూ మాత్రం చేయి తగిలి తగిలి నునుపెక్కి మెరుస్తున్నాయి. వెనక చక్రాలకు ఆ మెరుపు లేదు.

నేను మీకు తెలియను. జూన్‌లో మీ దగ్గర జీపు కొన్న బీడీల బాలనర్సయ్య గారి కూతురిని. పేరు తార. బాపు పల్లెల్లో ఆడవాళ్లకు ఆకు, తంబాకు ఇచ్చి, వాళ్లు చుట్టిన బీడీలు తెస్తాడు. మాక్లూర్ దాకా తారు రోడ్డే. మెండోర వైపు గోదావరి పల్లెలకు మాత్రం రేగడి బాటలు. వానాకాలం కోసమే నాలుగు చక్రాలూ లాగే బండి కావాలని ఇది కొన్నాడు.

బండి మంచిదే. పొద్దున ఒక్కసారి తాళం తిప్పితే లేస్తుంది. ఎండలో రేడియేటర్ మరగలేదు. కానీ బురదలో దిగబడుతోంది. ఇరవై రోజుల్లో రెండుసార్లు ఎడ్లు కట్టి లాగించారు. మా డ్రైవర్ తుకారాం నాలుగు చక్రాల లివర్ గుంజే నడుపుతాడు. అయినా వెనక చక్రాలే గిర్రున తిరుగుతున్నాయి, ముందువి ఊరికే ఉంటున్నాయి. మెకానిక్ గేర్ బాక్సు విప్పి చూసి అంతా బాగానే ఉందన్నాడు. ఇంకెవరినైనా అడుగుదామంటే ఇలాంటి చిన్న జీపు మా వైపు మరొకటి లేదు.

మీ వారు రాజారాం గారు ఏడేళ్లు దీని మీదే చెరకు తోటలన్నీ తిరిగారని, ఎక్కడా ఆగలేదని మీరు బాపుతో చెప్పారట. బురదలోకి దిగే ముందు ఆయన ఏమైనా చేసేవారా? గుర్తు చేసుకుని రాయండి. మీరు ఏం చెప్పినా బాపు వింటాడు. పాత యజమాని మాట మీద ఆయనకు గురి.

ఇట్లు,
తార


బోధన్
21 జులై 1992

బిడ్డ తారకు,

బోధన్ నుంచి అనసూయమ్మ చెప్తున్నది. నాకు సదువు రాదు, చెప్పి రాయిస్తున్న. మాటలు నావే, అక్షరాలు నావి గావు. గారు గీరు వద్దు, పెద్దమ్మ అను.

నువ్వడిగినదానికి జవాబు నా నోట్లెనే ఉన్నది. మా ఆయన చక్రాలకు మొక్కుతుండె. చక్కెర ఫ్యాక్టరీల చెరకు తోటలు తిరిగి సూసుడు ఆయన నౌకరి. రేగడిల దిగే ముందల జీపు ఆపి, ముందు చక్రాల కాడ వంగి, ఈ పక్క ఒకసారి, ఆ పక్క ఒకసారి చెయ్యి పెట్టి దండం పెట్టుకుంటుండె. తారు రోడ్డు ఎక్కంగనే మల్ల దిగి మల్ల మొక్కుతుండె. ఎందుకయ్యా అంటే, "పోయేటప్పుడు ముంచకు తల్లీ అని, వచ్చినంక ముంచలేదు గదా అని" అంటుండె. నువ్వు సూసిన మెరుపు గా చేతిదే.

ఆయనను జూసి రైతులు సుత ట్రాక్టర్ చక్రానికి మొక్కి పొలంల దిగుడు నేర్చిండ్రు. రాజారాం సార్ బండి ఎందుకు దిగబడదంటే, మొక్కుతడు గనుక అనుకుంట.

ఏడేండ్లల్ల క్లచ్ ప్లేటు ఒక్కసారి మార్చినం, బ్యాటరీ రెండుసార్లు. పైన గుడ్డ టాపు మాత్రం వానకు కారుతది. గది మొదటి నుంచి కారుతనే ఉన్నది, అబద్ధమెందుకు. మీ బాపును మంచి మనసుతోని మొక్కుమను. బండి మాట ఇంటది.

దీవెనలు.
మీ పెద్దమ్మ


కంఠేశ్వర్
9 ఆగస్టు 1992

ప్రియమైన పెద్దమ్మకు,

మీ ఉత్తరం బాపుకు రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి కళ్లు మూసుకుని విన్నాడు. మరునాడే ముందు చక్రాలకు పసుపు రాసి, బొట్లు పెట్టి, చెరొక కొబ్బరికాయ కొట్టాడు. ఆ రోజు నేనూ వెంట వెళ్లాను. మెండోర అవతల బురద మొదలయ్యే చోట దిగి, మీరు చెప్పినట్టే ఈ పక్క ఒకసారి, ఆ పక్క ఒకసారి చేయి ఆనించి మొక్కాడు. బీడీల తట్టలతో ఆడవాళ్లు గట్టు మీద నిలబడి చూస్తున్నారు.

జీపు యాభై గజాలు పోయి కూర్చుంది.

"సేటూ, ముందటియాటికి మొక్కితివి, ఎన్కటియి అలిగినయి!" అని లింగవ్వ అనే ముసలామె అరిచింది.

"నాలుగు చక్రాలకు రెండే కాయలాయె. గంత పిసినారితనమైతే ఎట్ల నడుస్తది?" అంది ఇంకొకామె.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. బీడీలు తడిస్తే మీకే వాపస్ ఇస్త," అన్నాడు బాపు. వాళ్లు ఇంకా నవ్వారు. తుకారాం కిందికి దిగి నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇది బండి గాదు సేటూ, బర్రె. బురద గనబడితే పండుతది," అన్నాడు.

ఇంటికి వచ్చాక బాపు నవ్వలేదు. "రాజారాం బండి ఎన్నడు ఆగలేదన్నది ఉత్త కత. ధోకా జేసిండ్రు. దసరా దాక సూస్త. అటెన్క దీన్ని తీస్కపోయి బోధన్‌ల వాళ్ల వాకిట్ల నిలవెట్టి, నలుగురిల అడుగుత," అన్నాడు. ఈ మాట మీకు రాయకూడదేమో. మీకు తెలియకుండా జరగడం ఇంకా తప్పనిపించింది.

ఒక్కటి అడుగుతాను. ఏడేళ్లలో ఈ జీపు ఎప్పుడూ దిగబడనే లేదా?

మీ ఉత్తరాలు రాసిపెట్టే వారి దస్తూరి చక్కగా ఉంది. వారికి నా నమస్కారం.

మీ
తార


బోధన్
20 ఆగస్టు 1992

బిడ్డ తారకు,

మీ బాపు మాట నాకు రాసినవ్, మంచి పని జేసినవ్. రానీ, వాకిట్ల నిలవెట్టనీ. గని మా ఆయన అబద్ధాలోడు అని నలుగురిల అంటే నేను తట్టుకోలేను. ఆ మనిషి పోయినంక నాకు మిగిలింది ఆయన పేరే.

దిగబడ్డది. ఒక్కసారి. చెప్త ఇను.

రెండేండ్ల కింద భాద్రపదంల మంజీర ఒడ్డుకు చెరకు సూడబోయిండు. మా కొడుకు దేవిదాస్ తోడు పోయిండు. డిగ్రీ అయి ఇంటికాడ ఉన్నడు గప్పుడు. పొద్దున ఇంట్ల చాయ్ తాగుకుంట, "బాపూ, ఇయ్యాలన్న బండికి మొక్కకు, అందరు నవ్వుతుండ్రు," అన్నడు వీడు. "సరే తియ్, మొక్కను," అన్నడు ఆయన. ఆయన సుత నవ్విండు. పోయేటప్పుడు బాట పొడిగ ఉండె. మొక్కలే.

పగటీలి వాన పడ్డది. గంట సేపు దంచింది. చెరకుల ఉండంగనే ఆయనకు రొమ్ముల నొప్పి లేసింది. దేవిదాస్ ఎత్తుకొచ్చి ఎన్క సీట్ల పండవెట్టి జీపు తీసిండు. తండ్రి గుంజినట్టే లివర్ గుంజిండట. ఎన్క చక్రాలు తిరుగుడే గని బండి కదలలే. ట్రాక్టర్ వచ్చి గుంజేటాలకు రెండు గంటలు. దవాఖానల డాక్టర్, జర ముందుగాల తేకపోయిండ్రా అన్నడు.

గప్పటి సంది వాడు స్టీరింగ్ ముట్టలే. నౌకరికి పోడు. నాతోని సుత కడుపునిండ మాట్లాడడు. మొక్కద్దని నేనంటినే, గందుకే బండి అలిగింది, గందుకే బాపు పోయిండు అని వాని మనసుల ఉన్నది. నోరు దెరిచి అనలే. తల్లిని, నాకు తెల్వదా? వాకిట్ల జీపు ఉన్నన్ని దినాలు వాడు గడప దాటలే. గందుకే అమ్మిన.

నేను వాన్ని ఎన్నడు తప్పు పట్టలే. గీ మాట వానికి ఎట్ల చెప్పాల్నో తెల్వక నీకు చెప్తున్న.

మీ పెద్దమ్మ


కంఠేశ్వర్
13 సెప్టెంబర్ 1992

ప్రియమైన పెద్దమ్మకు,

మీ ఉత్తరం వచ్చాక మూడు వారాలు ఏమీ రాయలేకపోయాను. మన్నించండి.

జీపు ఇప్పుడు దిగబడడం లేదు. వానల్లోనే ఐదుసార్లు మెండోర పోయి వచ్చింది. బాపు మీ ఇంటికి రాడు, ఎవరినీ ఏమీ అడగడు. మొన్న మెకానిక్ షాపు దగ్గర నలుగురి ముందూ, "రాజారాం సార్ బండి ఆగదు అన్నరు, ఆగుతలేదు," అని తనే అన్నాడు. మీరు ఇక ఆ దిగులు పెట్టుకోకండి.

ఒక చిన్న సర్దుబాటు సరిపోయింది. చెప్పేంత పెద్దదేమీ కాదు.

మీ ఆరోగ్యం ఎలా ఉంది?

మీ
తార


బోధన్
22 సెప్టెంబర్ 1992

బిడ్డ తారకు,

నీ ఉత్తరం చేతిల పట్టుకొని రెండు దినాలు కూసున్న. సదువు రాకున్నా, ఉత్తరంల మాటలు తక్కువున్నయని ఇంటుంటేనే తెలుస్తది.

ఏడేండ్లు ఆయన మొక్కితే నడిచిన బండి, మీ బాపు కాయలు గొట్టినా నడవని బండి, చిన్న సర్దుబాటుతోని నడిచిందా? ఏం జేసినవో రాయి. నాకు నొప్పైతదని దాస్తున్నట్టున్నవ్. నొప్పి నాకు కొత్త గాదు బిడ్డా. మా ఇంట్ల దాసుడే ఎక్కువైంది. నువ్వు సుత దాయకు.

మీ పెద్దమ్మ


కంఠేశ్వర్
30 సెప్టెంబర్ 1992

ప్రియమైన పెద్దమ్మకు,

ఈ ఉత్తరంతో ఒక పేజీ పంపుతున్నాను. పుస్తకంలో పేజీ మూల మడవడం కూడా నాకు నచ్చదు. దీన్ని చించాను.

జీపులో డ్రైవర్ సీటు కింద ఒక పుస్తకం ఉంది. బండిని ఎలా వాడాలో కంపెనీ వాళ్లు ఇంగ్లీషులో అచ్చువేసి ఇచ్చినది. ఈ పేజీలో ముందు చక్రం బొమ్మ ఉంది చూడండి. నడుమ బిళ్ల, దాని మీద బాణం గుర్తు. బాణం ఒకవైపు ఉంటే ముందు చక్రాలు వదులుగా ఉంటాయి. అప్పుడు లివర్ గుంజినా ఇంజను బలం వాటికి అందదు. బురదలోకి దిగే ముందు బండి ఆపి, దిగి, రెండు బిళ్లలనూ చేత్తో తిప్పి బిగించాలి. తారు రోడ్డు ఎక్కాక మళ్లీ దిగి వదలాలి.

రాజారాం గారు మొక్కలేదు పెద్దమ్మా. తిప్పేవారు. ఎవరో అడిగితే సరదాకు దండమని ఉంటారు. అందరూ నమ్మారు.

ఆగస్టు చివర మెండోర బాటలో మళ్లీ దిగబడినప్పుడు బాపు, "ఇగ దసరా దాక సుత ఆగ, రేపే బోధన్ పోదాం," అన్నాడు. నేను దిగి, వానలోనే రెండు బిళ్లలూ తిప్పాను. ముందు చక్రాలు కదిలాయి. జీపు బయటికి వచ్చింది. తుకారాం వచ్చి ఆ బిళ్లను వంగి చూసి, "గింతేనా తాయీ?" అన్నాడు. బాపు నా భుజం తట్టాడు. నాకు సంతోషం కలగలేదు. మీ మంజీర ఒడ్డు గుర్తొచ్చింది. గింతేనా అన్న మాట దేవిదాస్ గారి చెవిన పడితే ఎలా ఉంటుందో అనుకున్నాను. బండి ఆగింది దండం పెట్టకపోవడం వల్ల కాదని ఆయనకు తెలుస్తుంది. కానీ ఏం చేసి ఉంటే కదిలేదో కూడా తెలుస్తుంది. అందుకే దాచాను.

ఆయనకు చెప్పాలో వద్దో మీరే తేల్చుకోండి. పేజీ అంచున పెన్సిల్‌తో రాసిన ఒక మాట ఉంది. అది మీ ఇంటిది. నా దగ్గర ఉండకూడదు.

"దేవిదాస్‌కు చూపియ్యాలె. వానలు పడకముందు. 18-5-90."

మీ
తార


బోధన్
8 నవంబర్ 1992

తార గారికి,

నమస్తే. ఈసారి మాటలు, అక్షరాలు రెండూ నావే. నేను దేవిదాస్‌ని.

మీ పెద్దమ్మ, మా అవ్వ, చెప్పిన ఉత్తరాలన్నీ నేనే రాశాను. మీ ఉత్తరాలు చదివి వినిపించిందీ నేనే. ఆగస్టులో మంజీర ముచ్చట చెప్పేటప్పుడు అవ్వ నా వైపు చూడలేదు. గోడ వైపు చూస్తూ చెప్పింది. "నేను వాన్ని ఎన్నడు తప్పు పట్టలే," అన్నప్పుడు కలం ఆపాను. "రాయి," అంది. రాశాను. రెండేళ్లలో ఆ రోజు మాట మా ఇంట్లో రావడం అదే మొదటిసారి. మీకు ఉత్తరం అనే మిషతో మేమిద్దరం మాట్లాడుకున్నాం.

మీ చివరి ఉత్తరం మాత్రం నేను ఒక్కడినే చదివి ట్రంకు పెట్టెలో దాచాను. అవ్వ రోజూ, "తార రాయలేదారా?" అనేది. లేదన్నాను. ఐదు వారాలు.

మీరు భయపడినట్టే అయింది. రెండు బిళ్లలు. చేత్తో ఒక్క తిప్పు. ఆ రోజు నేను చక్రాల కింద చెరకు ఆకులు వేశాను, రాళ్లు వేశాను, నా అంగీ విప్పి వేశాను. చేతులు ఆ బిళ్లలకు తగిలే ఉంటాయి. కొన్ని రోజులు అన్నం తినలేదు.

ఆ తర్వాత పెన్సిల్ మాటనే చూస్తూ కూర్చున్నాను. ఆ మే నెలలో నేను పరీక్షలకు హైదరాబాద్‌లో ఉన్నాను. జూన్‌లో వచ్చాను. మూడు నెలలు బాపు, నేను ఒకే ఇంట్లో ఉన్నాం. చూపించలేదు. ఎగతాళి చేస్తే నవ్వాడే గానీ, ఇదిరా సంగతి అని చెప్పలేదు. చెరకు కోతల నాటికి చెప్పొచ్చులే అనుకున్నాడేమో. మొదటిసారి బాపు మీద కోపం వచ్చింది. కోపం వెంటనే ఏడుపు వచ్చింది. బాపు పోయినప్పుడు కూడా నేను ఏడవలేదు.

నిన్న అవ్వకు చదివి వినిపించాను. ముందు నవ్వింది. "ఎంత పని జేసిండురా! దండం దండం అని నేను ఊరందరికి చెప్పుకుంటి," అంది. తర్వాత పేజీ చేతిలోకి తీసుకుని, "నీ పేరు ఏడున్నది?" అని అడిగింది. చూపించాను. వేలు అక్కడే పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

చెప్పవలసిన మాట దాటవేసినందుకు బాపును ఎన్నాళ్లని కోపగించుకోను? ఈ ఐదు వారాలు నేను చేసిందీ అదే కదా.

ఒక్కసారి ఆ బిళ్లలు నా చేత్తో తిప్పాలని ఉంది. మీ బాపు ఒప్పుకుంటే వచ్చే ఆదివారం వస్తాను.

దేవిదాస్


కంఠేశ్వర్
17 నవంబర్ 1992

ప్రియమైన పెద్దమ్మకు,

ఈ ఉత్తరం చదివి వినిపించేది ఎవరో ఇప్పుడు తెలుసు కాబట్టి, ఆయన మీకు చెప్పి ఉండని సంగతులే రాస్తాను.

దేవిదాస్ గారు ఉదయం తొమ్మిదికి వచ్చారు. బాపు తాళం చెవి ముందు పెట్టి, "నడుపు కొడుకా," అన్నాడు. ఆయన తీసుకోలేదు. చాయ్ చల్లారిపోయింది. మాక్లూర్ దాకా తుకారామే నడిపాడు.

మాక్లూర్ దాటాక కాలువ నీళ్లు పారి బురదైన బాట ఒకటి ఉంది. అక్కడ ఆపించాం. దేవిదాస్ గారు దిగి, కుడి చక్రం దగ్గర వంగి బిళ్ల తిప్పారు. ఎడమ చక్రం దగ్గర చాలాసేపు ఉన్నారు. తుకారాం ఓపిక పట్టలేక తల బయట పెట్టాడు.

"తిప్పుతున్నవా, మొక్కుతున్నవా భాయ్?"

"రెండు," అన్నారు ఆయన.

తుకారాం దిగి, వెనక సీట్లోకి వచ్చాడు. దేవిదాస్ గారు స్టీరింగ్ ముందు కూర్చున్నారు. చేతులు తుడుచుకున్నారు, మళ్లీ తుడుచుకున్నారు. తర్వాత లివర్ గుంజారు. బాట మూడు వందల గజాలు ఉంటుంది. ఎక్కడా ఆగలేదు. అవతలి గట్టు దాకా పోయి, అదే బురదలో వెనక్కి తెచ్చి, తారు రోడ్డు ఎక్కే చోట దిగి రెండు బిళ్లలూ వదిలారు. ఇంటి దాకా ఆయనే నడిపారు.

దారిలో బాపు టాపు కారుతోందని మొదలుపెట్టాడు. "గది మొదటి నుంచి కారుతనే ఉన్నది. జులైలనే రాసిన గద," అన్నారు దేవిదాస్ గారు. అందరూ నవ్వారు. ఆయన కూడా.

వెళ్లేటప్పుడు నాతో, "మీరు ఆ పుస్తకం చదవకపోతే బాపు రాసింది నాకు ఎన్నటికీ చేరకపోయేది," అన్నారు. నేను తల ఊపాను. అప్పుడే చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఆయన ఉత్తరంలో చెప్పవలసిన మాట దాటవేయడం గురించి రాసింది చదివినప్పటి నుంచీ అది నాలో కదులుతూనే ఉంది. ఎదురుగా చెప్పలేను. రాస్తాను.

జూన్ ఆఖరి రోజు భోజనాల దగ్గర బాపుతో, ముందు చక్రాల దగ్గర ఏదో తిప్పాలట అన్నాను. "తాయీ, గది బండి, బుక్కు గాదు," అని తుకారాం నవ్వాడు. బాపూ నవ్వాడు. నేను కంచం తీసుకుని లోపలికి వెళ్లాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాత బాపు కొబ్బరికాయలు కొడుతుంటే చూశాను, లింగవ్వ నవ్వుతుంటే చూశాను, మీ ఇంటి పేరు నలుగురిలో పోతుందని తెలిసీ ఆగస్టు చివరి దాకా ఆ బిళ్లలు తిప్పడానికి జీపు దిగలేదు.

ముందు చక్రాల బిళ్లలు మెరుస్తున్నాయని మీకు మొదటి ఉత్తరంలో రాశాను. బురదలోకి దిగే ముందు రాజారాం గారు ఏం చేసేవారని అడిగాను. అప్పటికి ఆ పేజీ చదివి పన్నెండు రోజులైంది.

మీ
తార